రక్తంలో కాల్షియం, ఎముకల్లో కాల్షియం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాల్షియం రిపోర్టుల గురించే. చాలామంది ఆ ఒక్క అంకె చూసి ధైర్యపడుతున్నారు, లేదా భయపడుతున్నారు. రెండూ పొరపాటే. కాల్షియం అంకెను ఎప్పుడూ ఒంటరిగా చదవకూడదు. పక్కన పారాథైరాయిడ్ హార్మోన్ (పీటీహెచ్), విటమిన్ డి, ఫాస్ఫరస్, మెగ్నీషియం, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) ఉంటేనే దాని అర్థం తెలుస్తుంది.

ప్రశ్న: నా వయసు 54. ముట్లు ఆగి అయిదేళ్లయింది. డెక్సా స్కాన్‌లో (ఎముకల సాంద్రత కొలిచే పరీక్ష) నడుము దగ్గర టి-స్కోరు మైనస్ 2.9 వచ్చింది. రక్తంలో కాల్షియం మాత్రం 9.6, నార్మల్ అని ఉంది. కాల్షియం సరిపడా ఉంటే ఎముకలు ఎలా గుల్లబారతాయి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండు రిపోర్టులూ సరైనవే. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే. రక్తంలోనూ, కణాల చుట్టూ ఉండే ద్రవంలోనూ కలిపి తిరిగేది ఒక గ్రాముకు అటూ ఇటూ. నరాలు, కండరాలు, గుండె లయ, రక్తం గడ్డకట్టడం అన్నీ ఆ ఒక్క గ్రాము మీదే నడుస్తాయి కాబట్టి, డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మి.గ్రా. దాటి దాన్ని శరీరం అటూ ఇటూ కదలనివ్వదు. తగ్గిందంటే ఎముక అనే గాదెలోంచి తీసి సర్దేస్తుంది. గాదె ఖాళీ అవుతున్న సంగతి రక్తపరీక్షలో కనబడదు.

ఈ సర్దుబాటంతా పీటీహెచ్ పని. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. ఒక్కోటి 30–50 మి.గ్రా. బరువు. పేరులో థైరాయిడ్ ఉన్నా ఆ గ్రంథి చేసే పనితో వీటికి సంబంధం లేదు. వీటి కణాలపై కాల్షియాన్ని పసిగట్టే గ్రాహకాలుంటాయి. కాల్షియం కాస్త తగ్గినా క్షణాల్లో పీటీహెచ్ రక్తంలోకి వస్తుంది.

అది అన్ని చోట్లా ఒకే వేగంతో పనిచేయదు. కిడ్నీలో నిమిషాల్లోనే ఫలితం కనిపిస్తుంది. రోజుకు దాదాపు 10 గ్రా. కాల్షియం కిడ్నీ వడపోతలోకి వస్తే, అందులో 98 శాతానికి పైగా తిరిగి రక్తంలోకే వెళుతుంది. ఆ ప్రయాణంలో చివరి మలుపు దగ్గర ఎంత వదలాలో, ఎంత ఉంచాలో చెప్పేది పీటీహెచ్. అదే సమయంలో అది ఫాస్ఫరస్‌ను మూత్రంలోకి తోసేస్తుంది. ఎముక కరిగినప్పుడు కాల్షియంతో పాటు ఫాస్ఫేటు కూడా వస్తుంది కాబట్టి ఇది అవసరం. రెండూ రక్తంలో పేరుకుంటే కలిసి గట్టిపడి కణజాలంలో దిగిపోతాయి. ఎముకపై ప్రభావానికి గంటలు, రోజులు పడుతుంది. ఎముకను కట్టే కణాలకు సంకేతమిచ్చి, వాటి ద్వారా ఎముకను తొలిచే కణాలను పెంచుతుంది. పేగు మీద మాత్రం పీటీహెచ్ నేరుగా పనిచేయదు. కిడ్నీలో విటమిన్ డి ని కాల్సిట్రయాల్ అనే చురుకైన రూపంలోకి మార్పిస్తుంది, పేగులో కాల్షియాన్ని పీల్చే పనిని ఆ కాల్సిట్రయాల్ చూసుకుంటుంది. విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియంలో 10–15 శాతమే ఒంటికి పడుతుంది. తగినంత ఉంటే 30–40 శాతం.

ఇక మీ విషయం. ఎముకను తొలిచే కణాలకు ఇన్నాళ్లూ ఈస్ట్రోజెన్ కళ్లెం వేసి ఉంచింది. ముట్లు ఆగాక అది పోయింది. తొలిచే పని కట్టే పనిని మించిపోయింది. అలా బయటికొచ్చిన కాల్షియం రక్తంలో అంకెను నార్మల్‌గానే ఉంచుతుంది.

ఇప్పుడు చేయించుకోవలసినవి: 25-హైడ్రాక్సీ విటమిన్ డి, పీటీహెచ్, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక, లివర్‌ల నుంచి వచ్చే ఎంజైము), క్రియాటినిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే హార్మోన్). విటమిన్ డి మి.లీ.కు 20 నానోగ్రాముల లోపు ఉండి పీటీహెచ్ పెరిగి ఉంటే ముందు ఆ లోటు తీర్చాలి. ఈ వరుస తప్పితే ప్రమాదం. జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్ ఎముక కరగడాన్ని ఒక్కసారిగా ఆపుతుంది. విటమిన్ డి లేనివాళ్లకు అది ఇస్తే ఎముక నుంచీ కాల్షియం రాదు, పేగు నుంచీ రాదు. కొద్ది రోజుల్లో రక్తంలో కాల్షియం పడిపోయి తిమ్మిర్లు, కొంకర్లు మొదలవుతాయి.

తిండి, మాత్రలు కలిపి మీకు రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం కావాలి. పావు లీటరు పాలు లేదా పెరుగులో దాదాపు 300 మి.గ్రా., 100 గ్రా. రాగుల్లో 350 మి.గ్రా. పైనే ఉంటుంది. పాలకూరలో అంకె పెద్దదే కానీ ఆక్సలేటు పట్టి ఉంచడం వల్ల ఒంటికి పట్టేది 5 శాతమే. మాత్ర వేసుకునేటప్పుడు డబ్బాపై ముందువైపు అంకె కాకుండా వెనకవైపు ‘ఎలిమెంటల్ కాల్షియం’ ఎంతో చూడండి. కార్బొనేట్ 1250 మి.గ్రా. అంటే అసలు కాల్షియం 500 మి.గ్రా. సిట్రేట్ 1000 మి.గ్రా. అంటే 210 మాత్రమే. ఒక్కసారికి 500 మి.గ్రా. మించితే పేగు సరిగా పీల్చుకోలేదు, కాబట్టి రెండు పూటలకు పంచుకోండి. కార్బొనేట్‌కు కడుపులో ఆమ్లం కావాలి, అన్నంతోనే వేసుకోండి. గ్యాస్ మాత్రలు వాడేవాళ్లకు సిట్రేట్ నయం. అయితే మైనస్ 2.9 ఉన్న మీకు కాల్షియం ఒక్కటే చాలదు. ఎముక కరగడాన్ని ఆపే మందు గురించి డాక్టరును తప్పకుండా అడగండి.

ప్రశ్న: మా అమ్మకు థైరాయిడ్ మొత్తం తీసేశారు. రెండో రోజు పెదాల చుట్టూ చీమలు పాకినట్టు ఉందంది. కాల్షియం 7.4. మాత్రలతో పాటు కాల్సిట్రయాల్ ఇచ్చారు. ఇంట్లో విటమిన్ డి పౌడరు ప్యాకెట్లు ఉన్నాయి, అవి చాలవా? ఇది జీవితాంతమా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: థైరాయిడ్ తీసేటప్పుడు పారాథైరాయిడ్ గ్రంథులను ఎంత జాగ్రత్తగా వదిలినా, వాటికి రక్తం తెచ్చే సన్నని నాళాలు దెబ్బతిని కొన్నాళ్లు అవి మందగిస్తాయి. పీటీహెచ్ ఆయుష్షు రక్తంలో కొద్ది నిమిషాలే. అందుకే కాల్షియం ఆపరేషన్ తర్వాత 24 నుంచి 72 గంటల మధ్య అట్టడుగుకు దిగుతుంది. మీ అమ్మగారికి జరిగింది అదే.

ప్యాకెట్లు ఎందుకు చాలవంటే, వాటిలోని విటమిన్ డి ముందు లివర్‌లో, తర్వాత కిడ్నీలో మారితేనే పనికొస్తుంది. కిడ్నీలో ఆ చివరి మార్పు జరిపించేది పీటీహెచ్. అది లేనప్పుడు ప్యాకెట్‌లోని విటమిన్ డి చాలావరకు సగం దారిలోనే ఆగిపోతుంది. కాల్సిట్రయాల్ ఆ రెండు మార్పులూ అయిపోయిన రూపం, నేరుగా పేగు మీద పనిచేస్తుంది. క్యాప్సూల్ 0.25 మైక్రోగ్రాములది. ఎన్ని వేయాలో డాక్టరు కాల్షియం చూసి మారుస్తారు.

ఇంట్లో చూసుకోవలసింది ఇది. థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) పొద్దున్నే పరగడుపున వేయండి, కాల్షియం దానికి కనీసం 4 గంటల తర్వాత, అన్నంతో. రెండూ కలిపి మింగితే కాల్షియం థైరాక్సిన్‌ను పట్టేసి పేగులోనే ఉంచేస్తుంది. కొన్ని వారాల్లో టీఎస్‌హెచ్ ఎక్కిపోయి, థైరాయిడ్ మాత్ర డోసు అనవసరంగా పెంచుతారు. ఈ తప్పు చాలా ఇళ్లలో జరుగుతోంది.

కాల్షియం తగ్గినప్పుడు చెయ్యి ఎలా మారుతుందో ఒకసారి గుర్తుపెట్టుకోండి. మణికట్టు లోపలికి వంగుతుంది. వేళ్లు మొదట్లో ముడుచుకుని, చివర్లు మాత్రం కర్రల్లా చాచుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. బొటనవేలు అరచేతిలోకి దూరుతుంది. బీపీ పట్టీని పై అంకె కంటే 20 ఎక్కువకు బిగించి 3 నిమిషాలు ఉంచితే, పైకి బాగానే ఉన్న మనిషిలో కూడా చెయ్యి ఇలా మారడం డాక్టర్లు చూస్తారు. ఇలా కొంకర్లు పోయినా, గొంతు బిగిసినట్టున్నా, ఊపిరి కూతపెట్టినా, మాత్రల కోసం చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఒకటి రెండు ఆంప్యూళ్లు డెక్స్‌ట్రోజ్‌లో కలిపి, ఈసీజీ చూస్తూ, 10–20 నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కిస్తారు. 10 మి.లీ. ఆంప్యూల్‌లో అసలు కాల్షియం 93 మి.గ్రా. మాత్రమే. అందుకే ఒక్క ఇంజెక్షన్‌తో పని అయిపోదు, డ్రిప్ కొనసాగుతుంది. భయంతో గబగబా ఊపిరి తీస్తే తిమ్మిరి పెరుగుతుంది. రక్తం క్షారం వైపు జరిగి, విడిగా ఉన్న కాల్షియం అల్బుమిన్‌కు అతుక్కోవడమే దానికి కారణం. దారిలో ఆమె చేత నెమ్మదిగా ఊపిరి తీయించండి.

ఎక్కువమందిలో గ్రంథులు కొన్ని వారాల నుంచి 6 నెలల్లో కోలుకుంటాయి. ఏడాది దాటినా పీటీహెచ్ లేవకపోతే అది శాశ్వతమని అనుకోవాలి. అప్పుడు కాల్షియాన్ని 9.5 దాకా తీసుకెళ్లాలని పట్టుబట్టకండి. నార్మల్‌కు కింది అంచున, 8 నుంచి 9 మధ్య, తిమ్మిర్లు లేకుండా ఉంటే చాలు. పీటీహెచ్ లేని కిడ్నీ కాల్షియాన్ని పట్టి ఉంచలేదు. రక్తంలో పెంచిన కొద్దీ మూత్రంలోకి కారిపోయి రాళ్లు కడుతుంది. అందుకే ఏడాదికోసారి 24 గంటల మూత్రంలో కాల్షియం కొలిపించాలి.

ప్రశ్న: ఆరేళ్లుగా రోజూ పాంటోప్రజోల్ వాడుతున్నాను. పిక్కలు పట్టేస్తున్నాయి. కాల్షియం 7.3, పీటీహెచ్ 14. మూడు నెలలు కాల్షియం వేసుకున్నా పెరగలేదు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మెగ్నీషియం చూపించారా? కాల్షియం 7.3 ఉంటే పీటీహెచ్ బాగా పెరిగి ఉండాలి. 14 దగ్గర ఆగిందంటే గ్రంథి స్పందించడం లేదు. మెగ్నీషియం బాగా తగ్గితే గ్రంథి పీటీహెచ్‌ను వదలలేదు, వదిలిన కాస్తా ఎముకలో, కిడ్నీలో పనిచేయదు. ఏళ్ల తరబడి ఈ రకం గ్యాస్ మాత్రలు, ఎక్కువ మద్యం, ఆగని విరేచనాలు దీనికి మామూలు కారణాలు. మెగ్నీషియం నింపితే కాల్షియం కొద్ది రోజుల్లో తనంతట తాను లేస్తుంది. నింపకుండా ఎన్ని కాల్షియం మాత్రలు వేసుకున్నా ఉపయోగం ఉండదు. పాంటోప్రజోల్ ఇంకా అవసరమా అని కూడా అడగండి.

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నాను. కాల్షియాన్ని పీటీహెచ్ పెంచుతుంది, కాల్సిటోనిన్ తగ్గిస్తుంది అని చదివాం. మరి కాల్సిటోనిన్ పరీక్ష ఎవరూ రాయరేం?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: పుస్తకంలో రెండింటినీ త్రాసులో సమానంగా పెట్టడం వల్ల వచ్చిన సందేహం ఇది. మనుషుల్లో కాల్సిటోనిన్ పాత్ర చాలా చిన్నది. థైరాయిడ్ మొత్తం తీసేసినవారిలో కాల్సిటోనిన్ దాదాపు ఉండదు, అయినా అందువల్ల వాళ్ల కాల్షియం పెరగదు. మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్‌లో అది విపరీతంగా పెరుగుతుంది, అయినా కాల్షియం తగ్గదు. ఆ క్యాన్సర్‌ను పట్టుకోవడానికే ఆ పరీక్ష రాస్తారు. కాల్షియం పెరిగినప్పుడు దాన్ని దించేది ముఖ్యంగా పీటీహెచ్ విడుదల ఆగిపోవడమే.

ప్రశ్న: మా ల్యాబులో ఒక రోగికి కాల్షియం 3.9, పొటాషియం 13 వచ్చింది. మనిషి నడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. మిషన్ తప్పా?
– ఒక ల్యాబ్ టెక్నీషియన్, జగిత్యాల

జవాబు: మిషన్ తప్పు కాదు, ట్యూబు తప్పు. ఊదా మూత ట్యూబులో ఉండేది పొటాషియం ఈడీటీఏ, రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం. అది కాల్షియాన్ని పట్టేస్తుంది, తనలోని పొటాషియాన్ని కలుపుతుంది. ఎర్ర మూత ట్యూబులో రక్తం చాలలేదని ఊదా ట్యూబులోంచి కొంచెం ఒంపితే సరిగ్గా ఇలాంటి జంట అంకెలే వస్తాయి. అదే శాంపిల్‌లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూడండి. దానికి కావలసిన జింకు, మెగ్నీషియాన్ని కూడా ఈడీటీఏ లాగేస్తుంది కాబట్టి అదీ పడిపోయి ఉంటుంది. రిపోర్టు పంపకుండా మళ్లీ రక్తం తీయండి. సీరం ట్యూబు ముందు, ఊదా ట్యూబు తర్వాత. ఈ వరుస మారకూడదు.

రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే పట్టీని ఒక నిమిషం మించి బిగించి ఉంచినా మొత్తం కాల్షియం ఎక్కువగా కనిపిస్తుంది. అల్బుమిన్ తగ్గిన రోగిలో తక్కువగా కనిపిస్తుంది. అలాంటప్పుడు 4 లోంచి అల్బుమిన్‌ను తీసేసి, మిగిలినదాన్ని 0.8తో గుణించి కాల్షియానికి కలపండి. కాల్షియం 7.6, అల్బుమిన్ 2.5 ఉంటే సరిచేసిన అంకె 8.8. ఐసీయూ రోగుల్లో ఈ లెక్క నమ్మదగినది కాదు, అయనైజ్డ్ కాల్షియమే (దేనికీ అతుక్కోకుండా విడిగా ఉన్న కాల్షియం) కొలవాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారిలో కొన్ని మిషన్లపై పీటీహెచ్ తప్పుగా తక్కువ చూపిస్తుంది. రక్తం తీసే ముందే అడగండి.

ప్రశ్న: వయసు 43. మూడోసారి కిడ్నీలో రాయి. కాల్షియం 11.4, పీటీహెచ్ 118, ఫాస్ఫరస్ 2.2. మెడలో ఆపరేషన్ అంటున్నారు. పాలు, పెరుగు మానేస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మానకండి. కాల్షియం 11.4 ఉన్నప్పుడు మంచి గ్రంథి పీటీహెచ్‌ను దాదాపు ఆపేయాలి. మీది 118. అంటే నాలుగు గ్రంథుల్లో ఏదో ఒకటి అదుపు తప్పి, అడ్డూ ఆపూ లేకుండా హార్మోన్ వదులుతోంది. ఎక్కువమందిలో అది క్యాన్సర్ కాని చిన్న గడ్డ. ఫాస్ఫరస్ తగ్గడం కూడా దానికి సరిపోతోంది. ఇలాంటివారిలో పీటీహెచ్ 50 వచ్చినా, ల్యాబు పరిధిలోనే ఉందని వదిలేయకూడదు.

పాలు మానేస్తే పీటీహెచ్ ఇంకా పెరిగి ఎముకను తొలుస్తుంది. పేగులో ఆక్సలేటును పట్టే కాల్షియం లేక ఆ ఆక్సలేటు కిడ్నీకి చేరుతుంది. రాళ్లు పెరుగుతాయి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగండి. బీపీ కోసం థయజైడ్ రకం మాత్ర ఉంటే డాక్టరుకు చెప్పండి, అది కాల్షియాన్ని పెంచుతుంది.

ఆపరేషన్‌కు ముందు ఒక పరీక్ష తప్పకూడదు: 24 గంటల మూత్రంలో కాల్షియం, క్రియాటినిన్. కొన్ని కుటుంబాల్లో కాల్షియాన్ని పసిగట్టే గ్రాహకమే పుట్టుకతో మందంగా ఉంటుంది. రక్తంలో అంకెలు మీలాగే ఉంటాయి కానీ మూత్రంలో కాల్షియం చాలా తక్కువ పోతుంది. వాళ్లకు ఆపరేషన్ వల్ల ప్రయోజనం లేదు. సెస్టామిబి స్కాన్, మెడ అల్ట్రాసౌండ్ గడ్డ ఎక్కడుందో వెతకడానికే కానీ జబ్బును నిర్ధారించడానికి కాదు. స్కాన్‌లో కనబడలేదంటే జబ్బు లేదని కాదు. రాళ్లు ఉన్నాయి, వయసు 50 లోపు, కాబట్టి మీకు ఆపరేషనే సరైన దారి. ఈ ఆపరేషన్లు చేసి అలవాటున్న సర్జన్‌తో చేయించుకోండి. గడ్డ తీసిన 10 నిమిషాలకు థియేటర్‌లోనే పీటీహెచ్ కొలిచి, సగానికి పైగా పడితే పని అయినట్టు. తర్వాతి రోజుల్లో ఆకలిగొన్న ఎముక కాల్షియాన్ని లాగేసుకుంటుంది, తిమ్మిర్లు రావచ్చు. అప్పుడు చూసుకోవలసినది పైన ఖమ్మం పాఠకుడికి చెప్పినదే.

ప్రశ్న: మా నాన్న విటమిన్ డి 60,000 యూనిట్ల ప్యాకెట్ వారానికి ఒకటి వేయాల్సింది, రెండు నెలలు రోజుకొకటి వేసుకున్నారు. వాంతులు, దాహం, మలబద్ధకం, మగత. కాల్షియం 13.2.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఈరోజే ఆసుపత్రిలో చేర్చండి. 60 ప్యాకెట్లంటే 36 లక్షల యూనిట్లు. చర్మంలో ఎండకు తయారయ్యే విటమిన్ డి కి శరీరం హద్దు పెట్టుకుంటుంది. నోటితో వేసుకున్నదానికి ఆ హద్దు లేదు. లివర్ తనకు వచ్చినదంతా మార్చేస్తుంది. అది మితిమీరినప్పుడు కిడ్నీలో చివరి మార్పు లేకుండానే పేగు మీద పనిచేస్తుంది. పీటీహెచ్ అడుగంటినా కాల్షియం ఆగదు. పెరిగిన కాల్షియం వల్ల కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు, మూత్రం ఎక్కువ పోతుంది, ఒంట్లో నీరు తగ్గి కాల్షియం ఇంకా ఎక్కుతుంది. అందుకే చికిత్స సెలైన్‌తో మొదలవుతుంది. అవసరాన్ని బట్టి స్టెరాయిడ్, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇస్తారు. విటమిన్ డి, కాల్షియం ఉన్న మాత్రలన్నీ, మల్టీవిటమిన్‌తో సహా ఆపండి. ఈ విటమిన్ కొవ్వులో దాక్కుంటుంది కాబట్టి, ఇంటికొచ్చాక కూడా నెలల పాటు కాల్షియం, క్రియాటినిన్ చూపిస్తూ ఉండాలి.

లోటు ఉన్నవారికి మామూలుగా ఇచ్చేది వారానికి ఒక ప్యాకెట్ చొప్పున 8 వారాలు, ఆ తర్వాత నెలకొకటి. ప్యాకెట్ మీద వేసుకోవలసిన తేదీలు పెన్నుతో రాసిపెట్టండి. మోకాళ్ల నొప్పులకని 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్లు పరీక్ష లేకుండా పదేపదే వేయించుకునేవారికీ ఇదే జరుగుతుంది.

ప్రశ్న: మాది మర్రిగూడ వైపు. చిన్నప్పుడు బోరు నీళ్లే తాగాం. ఇప్పుడు నది నీళ్లు వస్తున్నాయి. మా పిల్లలకు కాల్షియం ఇస్తే ఫ్లోరైడ్ నుంచి రక్షణ ఉంటుందా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: కొంతవరకు ఉంటుంది. పేగులో కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టి, కరగని రూపంలో బయటికి పంపేస్తుంది. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లల్లో ఇదే తిరగబడుతుంది. ఫ్లోరైడ్ కలిసిన ఎముక కాల్షియాన్ని సులువుగా వదలదు, రక్తంలో అంకె నిలబెట్టడానికి పీటీహెచ్ పెరుగుతుంది, ఎదిగే ఎముక మెత్తబడి మోకాళ్లు లోపలికి వంగుతాయి. మీ జిల్లా పిల్లల్లో ఈ వంకర్లను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1970ల్లోనే గుర్తించింది. పిల్లలకు రోజూ పాలు లేదా పెరుగు, రాగులు, కాస్త ఎండ చూడండి. వంటకు కూడా నది నీళ్లే వాడండి. నల్ల ఉప్పు మానండి. పాలు కలపని టీ వద్దు. మీలాంటి పెద్దవాళ్లలో ఇప్పటికే బిగిసిన కీళ్లు, నడుము కాల్షియంతో వదులు కావు. ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీయే కాబట్టి క్రియాటినిన్ మాత్రం ఒకసారి చూపించుకోండి.

ప్రశ్న: డయాలసిస్ చేయించుకుంటున్నాను. కాల్షియం 8.1, ఫాస్ఫరస్ 6.9, పీటీహెచ్ 640. సెవలమర్ వాడుతున్నా ఫాస్ఫరస్ తగ్గడం లేదు. పీటీహెచ్ తగ్గించే సినాకాల్సెట్ మాత్ర అడగాలా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఇప్పుడే వద్దు. మీ జబ్బులో వరుస ఇలా ఉంటుంది. కిడ్నీ ఫాస్ఫరస్‌ను పంపలేకపోతే, దాన్ని తోయించడానికి ఎముక కణాలు ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్‌ను వదులుతాయి. అది కాల్సిట్రయాల్ తయారీని ఆపేస్తుంది. కాల్సిట్రయాల్ లేక పేగు కాల్షియాన్ని పీల్చదు, పీటీహెచ్ పెరుగుతుంది. కాబట్టి మొదట పట్టుకోవలసింది ఫాస్ఫరస్‌ను.

సెవలమర్ ఎప్పుడు వేసుకుంటున్నారో చూసుకోండి. అది తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టాలి, అందుకే అన్నం మధ్యలో వేసుకోవాలి. తిన్న గంటకు, లేదా పరగడుపున వేసుకుంటే వృథా. పెద్ద భోజనానికి ఎక్కువ, చిన్నదానికి తక్కువ అని డాక్టరుతో మాట్లాడి పంచుకోండి. కూల్‌డ్రింకులు, ప్రాసెస్ చేసిన మాంసం, ప్యాకెట్ చిరుతిళ్లలో కలిపే ఫాస్ఫేటు దాదాపు అంతా ఒంటికి పడుతుంది. పప్పులో ఉన్నది అంతగా పట్టదు. కాబట్టి ముందు ప్యాకెట్లు మానండి, పప్పు పూర్తిగా వదలకండి. డయాలసిస్ పూర్తి 4 గంటలు చేయించుకోవడం, సెషన్ ఎగ్గొట్టకపోవడం కూడా ఇక్కడ మందుతో సమానం.

సినాకాల్సెట్ గ్రంథిపై ఉన్న గ్రాహకాన్ని మరింత సున్నితం చేసి, కాల్షియం ఎక్కువగా ఉందన్న భ్రమ కలిగిస్తుంది. పీటీహెచ్ తగ్గుతుంది, దాంతో పాటు కాల్షియం కూడా తగ్గుతుంది. అందుకే సరిచేసిన కాల్షియం 8.4 లోపు ఉంటే మొదలుపెట్టరు. మీది 8.1. మీ అల్బుమిన్ చూసి ఆ అంకెను ముందు సరిచేయమనండి. కాల్సిట్రయాల్ ఇవ్వవచ్చు కానీ అది ఫాస్ఫరస్‌ను కూడా పెంచుతుంది కనుక ముందు ఫాస్ఫరస్ దిగాలి. డయాలసిస్‌లో ఉన్నవారికి పీటీహెచ్ నార్మల్‌కు రావాలని ఎవరూ కోరుకోరు. ల్యాబు పై హద్దుకు 2 నుంచి 9 రెట్ల మధ్య ఉంచుతారు. పై హద్దు 65 అయితే 130 నుంచి 585. మరీ అణచేస్తే ఎముక తనను తాను బాగుచేసుకోవడం మానేస్తుంది. మీ 640 ఆ హద్దుకు దగ్గరే. మూడు నెలల కిందటి అంకె ఎంతో చూడండి. అప్పుడు 900 ఉండి ఇప్పుడు 640కి వచ్చిందా, 300 నుంచి ఎక్కిందా అన్నదాన్ని బట్టే మీ డాక్టరు తర్వాతి మందు నిర్ణయిస్తారు.